ఎనభైల టీనేజ్ కామెడీలు అమాయకమైనవి కావు

ఎనభైల్లో వచ్చిన అమెరికన్ టీనేజ్ కామెడీల గురించి ఒక మాట బాగా చలామణీలో ఉంది. "అవి ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే శుభ్రమైన సినిమాలు. అప్పటి పిల్లలకు ఫోన్ల గోల లేదు, టెన్షన్లు లేవు, హాయిగా బతికారు. ఇప్పుడు ప్రతిదానికీ నొచ్చుకునే జనం వల్ల అలాంటివి ఎవరూ తీయలేకపోతున్నారు." అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లు కూడా కొందరు ఇదే అంటున్నారు, ఎక్కువగా ఇంట్లో పిల్లల్ని మందలించేటప్పుడు. నాకు ఆ సినిమాలంటే ప్రాణం. అందుకే ఈ మాటకు జవాబు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ముందు 'శుభ్రమైన సినిమాలు' అన్న మాట చూద్దాం. 1982లో అమెరికాలో పెద్ద హిట్టయిన సినిమాల్లో 'పోర్కీస్' ఒకటి. ఆ సినిమా అనగానే అందరికీ గుర్తొచ్చేది మగపిల్లలు గోడకున్న కన్నంలోంచి ఆడపిల్లల స్నానాల గదిలోకి తొంగిచూసే సన్నివేశం. 1984లో వచ్చిన 'రివెంజ్ ఆఫ్ ద నెర్డ్స్'లో హీరోలు అమ్మాయిలు ఉండే ఇంట్లో దొంగచాటుగా కెమెరాలు పెడతారు. ఇప్పుడైతే దీనికి పోలీసు కేసు పెడతారు. అప్పుడు దాన్ని చూసి నవ్వుకోమన్నారు.

ఇవి బూతు సినిమాలు, వీటిని వదిలేయండి అనొచ్చు. సరే, అందరూ ముచ్చటగా చెప్పుకునే జాన్ హ్యూస్ దగ్గరికే వద్దాం. ఆయన తొలిసారి దర్శకత్వం వహించిన 'సిక్స్‌టీన్ క్యాండిల్స్' 1984 మేలో వచ్చింది. అక్క పెళ్లి హడావుడిలో పడి ఇంట్లోవాళ్లు సమంతా అనే అమ్మాయి పదహారో పుట్టినరోజు మర్చిపోతారు. ఎంత మంచి కథో! కానీ అదే సినిమాలో, కలల రాకుమారుడిలా చూపించిన అబ్బాయి తాగి ఒళ్లు తెలియని స్థితిలో ఉన్న తన గర్ల్‌ఫ్రెండ్‌ను ఇంకో కుర్రాడికి అప్పగించి కారులో పంపించేస్తాడు. పొద్దున్న ఆ అమ్మాయికి రాత్రి ఏం జరిగిందో గుర్తుండదు. దీన్నీ కామెడీగానే తీశారు.

లాంగ్ డక్ డాంగ్ అనే ఆసియా విద్యార్థి పాత్ర ఉన్నదీ ఈ సినిమాలోనే. అతను తెర మీదికి వచ్చిన ప్రతిసారీ వెనక గంట మోగుతుంది. ఆ పేరుతో స్కూల్లో తోటిపిల్లలు తమను ఎంతగా ఏడిపించారో ఆసియన్ అమెరికన్లు చాలామంది తర్వాత బయటికి చెప్పారు. అదే తరగతిలో మన పిల్లవాడు ఉండి ఉంటే అతనికీ అదే గతి. 1986లో వచ్చిన 'షార్ట్ సర్క్యూట్'లో (అది టీనేజ్ సినిమా కాదు గానీ) భారతీయుడి పాత్రను ఒక తెల్ల నటుడు ముఖానికి రంగు పూసుకుని చేశాడు. ఆ రోజులే మేలు అని మనవాళ్లు అంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

మరి ఇవన్నీ శుభ్రమైనవిగా ఎందుకు గుర్తుండిపోయాయి? చాలామంది వీటిని థియేటర్లో కాకుండా టీవీలో చూశారు. టీవీలో వేసేటప్పుడు బూతు మాటలు మార్చి డబ్బింగ్ చెప్పించేవారు, నగ్న దృశ్యాలు కత్తిరించేవారు. మనం గుర్తుపెట్టుకున్నది ఆ కత్తిరించిన కాపీని.

ఇక 'హాయిగా బతికారు' అన్న మాట. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. ఇలా అనేవాళ్లు ఆ సినిమాలు చూశారా అని అనుమానం వస్తుంది.

'ఫాస్ట్ టైమ్స్ అట్ రిడ్జ్‌మాంట్ హై' (1982) కథ కోసం కామెరాన్ క్రో అనే విలేకరి శాన్ డియేగోలో విద్యార్థిలా ఒక హైస్కూల్లో చేరి, పిల్లల మధ్య తిరిగి పుస్తకం రాశాడు. ఎమీ హెకర్లింగ్ సినిమాకు దర్శకత్వం వహించింది. అందులో పదిహేనేళ్ల స్టేసీ గర్భవతి అవుతుంది. గర్భస్రావం ఖర్చులో సగం ఇస్తానని, కారులో తీసుకెళ్తానని మాటిచ్చిన అబ్బాయి రాడు. వేరే పని మీద వెళ్తున్నానని అబద్ధం చెప్పి అన్నయ్య కారులో వెళ్లి, క్లినిక్‌కి నడుచుకుంటూ పోతుంది. బయటికి వచ్చేసరికి అన్నయ్య అక్కడ నిలబడి ఉంటాడు. ఒక్క మాట కూడా తిట్టడు. ఆ సినిమాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సన్నివేశం అదే.

హ్యూస్ తీసిన 'ద బ్రేక్‌ఫాస్ట్ క్లబ్' (1985) సంగతి చెప్పాలంటే ఒక రోజు చాలదు. శనివారం శిక్షగా స్కూలు లైబ్రరీలో కూర్చున్న ఐదుగురు పిల్లల కథ అది. వాళ్లలో బ్రయన్ చదువులో ఫస్టు. చేతిపనులు నేర్పే షాప్ క్లాసులో ఏనుగు బొమ్మ దీపం చేస్తాడు. తొండం లాగితే లైటు వెలగాలి. వెలగలేదు, ఎఫ్ గ్రేడ్ వచ్చింది, అంటే ఫెయిల్. దానికి ప్రాణం తీసుకుందామని ఫ్లేర్ గన్ (సంకేతంగా మంట వెలుగు వదిలే తుపాకీ) స్కూలుకు తెచ్చి లాకర్లో పెడతాడు. ఇంకో కుర్రాడు బెండర్ చొక్కా చెయ్యి పైకి లాగి, తండ్రి చుట్టతో కాల్చిన మచ్చ చూపిస్తాడు. గ్యారేజీలో రంగు ఒలకబోసినందుకు ఆ శిక్ష! మార్కుల ఒత్తిడి అంటే ఏమిటో మన హైదరాబాద్, విజయవాడ కాలేజీల్లో ఇంటర్ చదివిన ఎవరికైనా బ్రయన్‌ను చూడగానే అర్థమవుతుంది. ఆ పిల్లలకు టెన్షన్లు లేవనడం ఆ పాత్రలకు చేసే అన్యాయం.

లెక్కలు కూడా అదే చెబుతున్నాయి. 1982 చివర్లో అమెరికాలో నిరుద్యోగం 10.8 శాతం. 1980లో హైస్కూలు చివరి ఏడాది పిల్లల్లో 70 శాతానికి పైగా అంతకు ముందు నెల రోజుల్లో మద్యం తాగామని సర్వేలో చెప్పారు. ఆ దశాబ్దం ముగిసీ ముగియగానే, 1991లో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల అమ్మాయిల్లో ప్రతి వెయ్యి మందికి దాదాపు 62 కాన్పులు. 2022కి అది 14 లోపుకు తగ్గింది. పిల్లల్ని దండించడానికి వాళ్ల ముందు పెట్టదగ్గ కాలమా అది?

ఫోన్ల గోల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. 'ఫెరిస్ బ్యూలర్స్ డే ఆఫ్' (1986)లో హీరో తన గర్ల్‌ఫ్రెండ్‌ను స్కూలు నుంచి బయటికి రప్పించింది దొంగ ఫోన్ కాల్స్‌తో. ఇంట్లో కూర్చుని స్కూలు కంప్యూటర్‌లోకి చొరబడి తొమ్మిది రోజుల గైర్హాజరును రెండు రోజులుగా మార్చేస్తాడు కూడా.

ఇంకో సంగతి. 1950లో పుట్టిన హ్యూస్ హైస్కూలు ముగించింది 1968లో. ముప్పై దాటాక కూర్చుని, తనకు గుర్తున్న గాయాలను ఎనభైల పిల్లల నోట పలికించాడు. డబ్బులేని అమ్మాయి డబ్బున్న అబ్బాయితో 'నేను ఉండే ఇల్లు నువ్వు చూడకూడదు' అని గొడవపడే సన్నివేశం ఆయన రాసిన 'ప్రెటీ ఇన్ పింక్' (1986)లో ఉంది. ఏ దేశంలోనైనా, ఏ దశాబ్దంలోనైనా ఆ అమ్మాయి మనకు తెలిసిన పిల్లే. ఆ సినిమాలు ఇప్పటికీ మనల్ని లాగుతున్నాయంటే కారణం ఇదే. పదహారేళ్ల మనిషి బాధను పెద్దల బాధతో సమానంగా చూశాయి. అమాయకత్వం వల్లయితే 'పోర్కీస్' కాలం సినిమాలన్నీ ఒకేలా మిగిలి ఉండాలి కదా, అలా మిగల్లేదు.

'నొచ్చుకునే జనం' గురించి: హ్యూస్ సినిమాలను గట్టిగా ప్రశ్నించినవాళ్లలో ఒకరు వాటి హీరోయిన్ మాలీ రింగ్‌వాల్డే. కూతురితో కలిసి 'ద బ్రేక్‌ఫాస్ట్ క్లబ్' చూశాక 2018లో ఆమె ఒక వ్యాసం రాశారు. అందులో అమ్మాయిల పట్ల జరిగిన తప్పులు చెప్పారు, ఆ సినిమాలు ఎందరికి ఓదార్పునిచ్చాయో కూడా చెప్పారు. ప్రేమించేవాళ్లు చేసే పని అది.

అలాంటివి ఇప్పుడూ తీస్తున్నారు. 2018లోనే వచ్చిన 'ఎయిత్ గ్రేడ్' పదమూడేళ్ల అమ్మాయి కథ. 'ద బ్రేక్‌ఫాస్ట్ క్లబ్'కు ఇచ్చినట్టే దానికీ ఆర్ రేటింగ్ ఇచ్చారు. అంటే పదిహేడు నిండని పిల్లలు పెద్దవాళ్ల తోడు లేకుండా థియేటర్లోకి వెళ్లకూడదు. దాంతో పంపిణీ చేసిన సంస్థ ఒక రాత్రి ప్రతి రాష్ట్రంలో ఒక థియేటర్ చొప్పున రేటింగ్ అడ్డు లేకుండా, టికెట్ లేకుండా ఆ సినిమా వేసింది, అది ఎవరి గురించి తీశారో ఆ పిల్లలు వచ్చి చూడాలని.