యావో మింగ్ ఒప్పందంలో కనిపించని షరతు

2002 అక్టోబర్ 30న ఇండియానాపోలిస్‌లో చైనా బాస్కెట్‌బాల్ ఆటగాడు యావో మింగ్ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో తన తొలి మ్యాచ్ ఆడాడు. 11 నిమిషాలు, రెండు రీబౌండ్లు (గురితప్పి వెనక్కొచ్చిన బంతిని అందుకోవడం), పాయింట్లు సున్నా. ఏడున్నర అడుగుల మనిషి, ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమంలో, అందరికంటే ముందు ఎంపికైనవాడు, తీరా బరిలోకి దిగితే ఇదా అని చాలామంది పెదవి విరిచారు. కానీ సరిగ్గా పదహారు రోజుల ముందు, అక్టోబర్ 14న, అదే మనిషి బుసాన్‌లో దక్షిణ కొరియాపై ఆసియా క్రీడల ఫైనల్ ఆడుతున్నాడు, అంతకుముందు ఆగస్టు చివరి నుంచి సెప్టెంబర్ దాకా చైనా తరఫున ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడాడు, అతన్ని ఎంచుకున్న హ్యూస్టన్ రాకెట్స్ జట్టులోని తోటి ఆటగాళ్లంతా సీజన్‌కి ముందు క్యాంపులో చెమటోడుస్తున్నప్పుడు అతను ఇంకా ఆసియాలోనే ఉన్నాడు. హ్యూస్టన్‌లో దిగేసరికి తొలి మ్యాచ్‌కి పది రోజులే మిగిలాయి.

ఇది అనుకోకుండా జరిగింది కాదు. అతన్ని అమెరికాకి పంపించడానికి చైనా పెట్టిన షరతుల్లోనే ఇది ఉంది. దేశం పిలిస్తే రావాలి, అంతే. ఆ బేరాన్ని చాలామంది ఇప్పటికీ తూర్పు పడమరల మధ్య కుదిరిన గొప్ప ఒప్పందంగానే చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో ఒక పెద్ద లోటు కనిపిస్తుంది. బేరంలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ వాటా చూసుకున్నారు. ఆ కుర్రాడి ఒళ్లు ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు మోయగలదు అన్న మాట మాత్రం, బయటికి తెలిసినంతవరకు, ఎక్కడా షరతుగా రాలేదు.

బేరం ఎలా నడిచిందో చూస్తే విషయం అర్థమవుతుంది. విదేశీ ఆటగాడు ఎన్‌బీఏకి రావాలంటే రెండు తలుపులు తెరుచుకోవాలి. ఒకటి క్లబ్, దాంతో ఉన్న కాంట్రాక్టు తెంచుకోవడానికి కట్టేదే బైఅవుట్. రెండోది సొంత దేశ ఫెడరేషన్ ఇచ్చే క్లియరెన్స్ లెటర్. యూరప్‌లో గొడవంతా మొదటి తలుపు దగ్గరే. ఎన్‌బీఏ జట్టు బైఅవుట్ కింద ఇవ్వగలిగే సొమ్ముకి లీగ్ పరిమితి పెట్టింది, అది దాటితే మిగతాది ఆటగాడే తన జీతంలోంచి కట్టుకోవాలి. స్పెయిన్ కుర్రాడు రికీ రూబియోని ఎన్‌బీఏ జట్టు మిన్నెసోటా 2009 డ్రాఫ్ట్‌లో ఐదో స్థానంలో ఎంచుకున్నా అతను అక్కడికి వెళ్లింది 2011లో. ఆ మొదటి వేసవిలో అడ్డుపడింది ప్రధానంగా బైఅవుట్ సొమ్మే.

చైనాలో రెండు తలుపులకీ తాళాలే. యావో ఆడే షాంఘై షార్క్స్‌ని ఒప్పించాలి, బీజింగ్‌లోని బాస్కెట్‌బాల్ సంఘాన్ని ఒప్పించాలి, ఆ సంఘం వెనక ప్రభుత్వ క్రీడాశాఖ ఉంది. ఇందులో ఎవరి మాట చివరి మాటో హ్యూస్టన్ వాళ్లకి అర్థం కావడానికే చాలా కాలం పట్టింది. అంతకుముందు 1999లోనే ఒక కథ నడిచింది. అప్పటికి యావోకి 18 ఏళ్లు. షార్క్స్ డిప్యూటీ జనరల్ మేనేజర్ లీ యావోమిన్ ఒత్తిడితో అతను ఎవర్‌గ్రీన్ అనే అమెరికన్ ఏజెన్సీతో ఒప్పందం మీద సంతకం పెట్టాడు. దాని ప్రకారం అతని సంపాదనలో 33 శాతం ఏజెంట్లకి పోవాలి. ఎన్‌బీఏ ఆటగాళ్ల సంఘం ఏజెంట్లకి అనుమతించే గరిష్ఠ కమిషన్ 4 శాతం! తర్వాత ఆ ఒప్పందం చెల్లదని తేలింది, అది వేరే సంగతి. ఆ అనుభవం తర్వాతే యావో కుటుంబం జాగ్రత్తపడి, చికాగోలో బిజినెస్ స్కూల్ చదువుతున్న బంధువు ఎరిక్ జాంగ్, అక్కడి ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ జాన్ హైజింగా, ఏజెంట్ బిల్ డఫీ ఉన్న బృందాన్ని తమ తరఫున మాట్లాడమని పెట్టుకుంది.

2002 మేలో, డ్రాఫ్ట్‌లో ఎవరు ముందు ఎంచుకోవాలో తేల్చే లాటరీలో హ్యూస్టన్ రాకెట్స్‌కి మొదటి ఎంపిక దక్కింది. సరిగ్గా అప్పుడే వాంగ్ జీజీ వ్యవహారం ముదిరింది. వాంగ్ చైనా సైన్యం జట్టు బాయీ రాకెట్స్ ఆటగాడు, 2001లో డల్లాస్ తరఫున ఆడి ఎన్‌బీఏలో అడుగుపెట్టిన తొలి చైనా ఆటగాడయ్యాడు. 2002 వేసవిలో జాతీయ జట్టు శిక్షణకి రమ్మంటే అమెరికాలోనే ఉండి ఆట మెరుగుపరుచుకుంటానన్నాడు, రాలేదు. అతన్ని జాతీయ జట్టు నుంచి తీసేశారు. తిరిగి స్వదేశంలో కాలు పెట్టడానికి అతనికి 2006 దాకా పట్టింది, బహిరంగంగా క్షమాపణ కూడా చెప్పుకోవాల్సి వచ్చింది.

వాంగ్ మీద కోపం యావో కాగితాల మీదకి దిగింది. ఇతను కూడా వెళ్లి రాకపోతే ఎలా అన్నదే బీజింగ్ టెన్షన్. చివరికి జూన్ 26న, డ్రాఫ్ట్ రోజు పొద్దున, హ్యూస్టన్ రాకెట్స్ మొదటి స్థానంలోనే ఎంచుకుంటుందన్న హామీ తీసుకున్నాకే చైనా సంఘం అనుమతి ఇచ్చింది. మొదటి స్థానం అన్నది వాళ్లకి దేశ పరువు. సంపాదనలో షార్క్స్‌కి ఇంత, సంఘానికి ఇంత అని వాటాలు కూడా మాట్లాడుకున్నారు. ఇవన్నీ తప్పని నేను అనడం లేదు. చిన్న వయసు నుంచి తిండి పెట్టి, శిక్షణ ఇచ్చి తయారుచేసిన వ్యవస్థ తన ఖర్చు అడగడం న్యాయమే, జాతీయ జట్టుకి ఆడమనడమూ న్యాయమే. యావో కూడా ఆ ఎర్ర జెర్సీని ఇష్టంగానే వేసుకున్నాడు.

అయితే ఆ తర్వాతి లెక్క చూడండి. మొదటి మూడు సీజన్లలో 82, 82, 80 మ్యాచ్‌లు. అంటే 246లో రెండంటే రెండే తప్పాయి. వేసవి వచ్చిందంటే చైనా జట్టు: 2003లో ఆసియా చాంపియన్‌షిప్, 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్, 2005లో మళ్లీ ఆసియా. 2006 ఏప్రిల్‌లో ఎడమ పాదం విరిగింది, శస్త్రచికిత్స చేశారు, ఆగస్టుకల్లా జపాన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడుతున్నాడు. 2008 ఫిబ్రవరిలో అదే పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే చీలిక), ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్. సొంతగడ్డ మీద ఒలింపిక్స్‌కి రానని అతను అనగలడా? వాంగ్‌కి ఏం జరిగిందో చూసినవాడు. 2009 ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివర్లో టైటిల్ కోసం జరిగే పోటీల్లో, ఆ పాదమే మళ్లీ చిట్లింది. 2009-10 సీజన్ మొత్తం పోయింది, ఆ తర్వాతి సీజన్‌లో ఐదు మ్యాచ్‌లు.

అంత ఎత్తు, దాదాపు 140 కిలోల బరువు ఉన్న మనిషి పాదాలు ఎలాగైనా అరిగేవేనని కొందరంటారు. ఆ మాటలో కొంత నిజముంది, విశ్రాంతి ఇచ్చి ఉంటే గాయాలే అయ్యేవి కావని నేను రాసివ్వలేను. కానీ తేలిగ్గా అరిగే ఒళ్లని ముందే తెలిసినప్పుడే కదా ఆ ఒళ్లు గురించి కాగితం మీద ఎక్కువ రాసుకోవాల్సింది! శస్త్రచికిత్స తర్వాత ఇన్ని నెలలు ఏ జట్టుకీ ఆడడు, రెండేళ్లకోసారి ఒక వేసవి పూర్తిగా సెలవు అన్న రెండు వాక్యాలకి హ్యూస్టన్ పట్టుబట్టి ఉండొచ్చు. ఆటగాడి బృందమైనా పట్టుబట్టాల్సింది. అందరికీ ముందు ఆ సంతకం కావాలి, మిగతావి తర్వాత చూసుకుందాం అన్న తొందర. అడకత్తెరలో పోకచెక్కలా యావో మాత్రం ఇటు క్లబ్, అటు దేశం మధ్య ఉండిపోయాడు.

మనకి ఇది దూరపు కథేం కాదు. భారత క్రికెటర్ విదేశీ లీగ్‌లో ఆడాలంటే బీసీసీఐ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, రిటైరైతే తప్ప మగ క్రికెటర్లకి విదేశీ టీ20 లీగుల కోసం అది దొరకదు. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు 2007లో బోర్డు గుర్తింపు లేని ఐసీఎల్ అనే క్రికెట్ లీగ్‌కి వెళ్లినందుకు, 2009లో బోర్డు క్షమాభిక్ష పెట్టేదాకా బయటే ఉండాల్సి వచ్చింది. ఆటగాడు ఎవరి సొత్తు అన్న ప్రశ్న అక్కడైనా ఇక్కడైనా ఒకటే.

యావో 2009లో ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్న షాంఘై షార్క్స్‌ని తనే కొన్నాడు. 2011 జూలైలో షాంఘైలోనే రిటైర్మెంట్ ప్రకటించాడు. అప్పటికి అతనికి 30 ఏళ్లు, ఎన్‌బీఏలో ఆడిన మ్యాచ్‌లు 486. 2017లో చైనా బాస్కెట్‌బాల్ సంఘం అధ్యక్షుడయ్యాడు. ఒకప్పుడు తను అమెరికా వెళ్లొచ్చో లేదో తేల్చిన సంఘం అది.