ఐదు చదరపు అడుగుల నేరం

హైదరాబాద్ అందాన్ని పాడుచేస్తున్న దొంగ ఎట్టకేలకు దొరికాడు. మా గల్లీ చివర టిఫిన్ సెంటర్ అన్న. నేరం ఏమిటంటే, బోర్డు పెద్దదైంది.

మీకు తెలియనిదేముంది! 2020 ఏప్రిల్‌లో ప్రకటన బోర్డుల మీద ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 68 వచ్చింది. నేల నుంచి 15 అడుగులు దాటి ప్రకటనలు ఉండకూడదు. దుకాణం ముందుభాగంలో 15 శాతం మించితే అది నేమ్ బోర్డు కాదు, ప్రకటన. మంచి రూలే. ఊరు నీట్‌గా ఉంటే నాకు చేదా?

మున్సిపాలిటీ సారు టేపుతో వచ్చారు. రెండో కొస పట్టుకోడానికి మనిషి లేక, ఇడ్లీ తింటున్న నన్ను పట్టుకోమన్నారు. చట్టానికి ఆ మాత్రం సాయం చెయ్యొద్దూ? ముందుభాగం పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు. వందలో బోర్డుకు హక్కు పదిహేను. బోర్డేమో పదికి రెండు, ఇరవై. ఐదు చదరపు అడుగులు అక్రమం! చట్నీ వేస్తున్న గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"ఓ పావువంతు కోసెయ్" అన్నారు సారు.

ఏ పావు? బోర్డు మీద ముందు దేవుడి పేరు, తర్వాత అన్న వాళ్ళమ్మ పేరు, చివర్న టిఫిన్ సెంటర్. దేవుణ్ణి కోస్తే పాపం. అమ్మను కోస్తే ఇంట్లో అన్నం పుట్టదు. టిఫిన్ సెంటర్ కోసేస్తే మిగిలేది గుడి. ఇక్కడ అందరం కాసేపు ఆలోచనలో పడ్డాం. గుడైతే అనుమతి అడిగేదెవరు? ఫుట్‌పాత్ మీదికి నాలుగడుగులు జరగొచ్చు. సాంబారు తీర్థం, ఇడ్లీ ప్రసాదం. "ప్రసాదానికి జీఎస్టీ కూడా లేదు" అన్నారు పెసరట్టు తింటున్న పెద్దాయన, చాలా ఆశగా.

ఈ కొలతలన్నీ చల్లగా నీడలోనే జరిగాయి. మా నెత్తిన ఇరవై అడుగుల ఫ్లెక్సీ ఉంది మరి, కరెంటు స్తంభానికి తాడుతో కట్టింది. ఎవరో నాయకుడి పుట్టినరోజు. చుట్టూ స్టాంపు సైజులో ముప్ఫై రెండు తలకాయలు. లెక్కపెట్టాను, టేపు పట్టుకుని నిలబడ్డవాడికి వేరే పనేముంది? పుట్టినరోజు వెళ్ళి మూడు వారాలైంది.

"సార్, అదెంత శాతం?" అన్నాను.

ఆయన పైకి చూడనైనా లేదు. "అది బోర్డు కాదుగా, ఫ్లెక్సీ."

అవును, ఫ్లెక్సీయే. 2019 సెప్టెంబరులో చెన్నైలో ఓ పార్టీ నాయకుడింటి పెళ్ళికి అనుమతి లేకుండా కట్టిన ఫ్లెక్సీ, స్కూటీ మీద పోతున్న ఇంజినీరు పిల్ల మీద పడింది. ఆమె రోడ్డు మీద పడింది, వెనకే నీళ్ళ ట్యాంకరు. ఆ పిల్ల చేసిన తప్పేమిటయ్యా? ఆ దారిన రావడమా? గోడకు బోల్టులేసి బిగించిన ఇడ్లీ బోర్డు ఎవణ్ణి చంపింది? ఐదడుగుల కోసం టేపు మోసుకొచ్చిన చేతులకి ఓ కత్తెర తేవడానికి ఏం రోగం? తెంచాల్సింది ఒక్క తాడు!

సరే. అన్న బోర్డు కోయించాడు, అమ్మ పేరే పోయింది. మొన్న స్తంభానికి కొత్త ఫ్లెక్సీ వచ్చింది, పండగ శుభాకాంక్షలు. తలకాయలు నలభై ఒకటి. కింది వరసలో మూడోది మా టిఫిన్ అన్నది. దాని కింద హోటల్ పేరు, అమ్మ పేరుతో సహా.