ఈత నేర్పే టీచర్‌కు ఆరు గజాల చీర ఎందుకు?

మా అమ్మాయి చదివే స్కూల్లో స్విమ్మింగ్ పూల్ ఉంది. నిరుడు ఎండాకాలం ఒక శనివారం, పాపను తీసుకురావడానికి కాస్త ముందే వెళ్లాను. తక్కువ లోతున్న వైపే ఒక చిన్న పిల్లాడు కాలు జారి నీళ్లు తాగేశాడు. గట్టు మీద విజిల్‌తో నిలబడ్డ పీఈటీ మేడమ్ అంచుదాకా పరుగెత్తి ఆగిపోయారు. కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, అవతలి వైపున్న కోచ్‌ని కేకేశారు. ఆయన వచ్చి పిల్లాణ్ణి పైకి లేపాడు. అంతా కలిపి పది సెకన్లు పట్టిందేమో. ఆ తర్వాత చాలాసేపటి వరకు ఆవిడ చేతులు వణుకుతూనే ఉన్నాయి. ‘‘నాకు ఈత వచ్చండీ, మా ఊరి కాలవలో నేర్చుకున్నా. ఈ చీరతో దూకితే మళ్లీ లేస్తానో లేదోనని భయమేసింది’’ అన్నారు.

లేడీ టీచర్లంతా చీరే కట్టుకోవాలని ఆ స్కూల్ రూల్. పూల్ డ్యూటీకీ అదే రూల్.

టీచర్ల బట్టల గురించి మన దేశంలో చర్చ ఎప్పుడూ హుందాతనం చుట్టూనే తిరుగుతుంది. 2024 మార్చిలో మహారాష్ట్ర ప్రభుత్వం జీన్స్, టీషర్టులు వద్దంది. ఆడవాళ్లు చీర గానీ, చున్నీతో చుడీదార్ గానీ వేసుకోవాలని, మగవాళ్లు చొక్కా టక్ చేసుకోవాలని చెప్పింది. అంతకు ముందు, 2021 నవంబరులో కేరళ ఉన్నత విద్యాశాఖ దీనికి ఎదురు దిశలో నడిచింది. చీరే కట్టాలని ఏ సంస్థా టీచర్లను బలవంతపెట్టకూడదని సర్క్యులర్ ఇచ్చింది. నాకు కేరళ మాటే న్యాయంగా కనిపిస్తుంది. అయితే ఈ రెండు వాదనలూ బ్లాక్‌బోర్డు ముందు నిలబడ్డ టీచర్‌ని ఊహించుకుని చేసినవే. గ్రౌండ్‌లో పరుగెత్తాల్సిన టీచర్, నీళ్లలో దిగాల్సిన టీచర్ ఎవరి లెక్కలోకీ రాలేదు. ఏ పని చేయిస్తున్నారో ఆ పనికి పనికొచ్చే బట్ట వేసుకోనివ్వాలి. పూల్ దగ్గర అంటే మోకాళ్ల దాకా ఉండే స్విమ్ సూటు, పైన ఫుల్ చేతుల టాప్. ఇందులో హుందాతనానికి వచ్చిన లోటేమిటో నాకు అర్థం కాదు.

పిల్లల దగ్గరికి వస్తే సంగతి ఇంకా బాధగా ఉంటుంది. మా పాప క్లాసులో అయిదో తరగతి దాకా ఆడపిల్లలంతా ఈతకు వెళ్లారు. ఏడో తరగతికి వచ్చేసరికి నలుగురు మిగిలారు. కాస్ట్యూమ్ అంటే సిగ్గు, కోచ్ మగమనిషి, బట్టలు మార్చుకునే గదికి గడియ సరిగ్గా పడదు, ఆపైన పీరియడ్స్ టెన్షన్. ఇవన్నీ తీర్చగలిగిన సమస్యలే. స్కూలు వాళ్లు మాత్రం ‘ఇంట్రెస్ట్ లేదు’ అని రాసుకుని ఊరుకున్నారు.

ఇలాంటి పేచీయే స్విట్జర్లాండ్‌లో కోర్టుకెక్కింది. బాసెల్‌లో ఉండే ఒక ముస్లిం కుటుంబం, మగపిల్లలతో కలిపి నేర్పే ఈత క్లాసులకు తమ ఇద్దరు కూతుళ్లను పంపబోమంది. అధికారులు 2010లో తల్లికీ తండ్రికీ ఒక్కో బిడ్డ లెక్కన 350 ఫ్రాంకులు, మొత్తం 1,400 ఫ్రాంకులు జరిమానా వేశారు. 2017 జనవరిలో యూరప్ మానవ హక్కుల కోర్టు అధికారుల పక్షానే తీర్పు ఇచ్చింది. జరిమానా సంగతే అందరికీ గుర్తుండిపోయింది. నాకు మాత్రం ఆ తీర్పులో వేరే ముక్క ముఖ్యం. పిల్లలు ఒళ్లంతా కప్పే బుర్కినీ వేసుకోవచ్చని, మగపిల్లలు లేనిచోట బట్టలు మార్చుకోవచ్చని స్కూలు ముందే చెప్పింది. జర్మనీలోనూ 2013లో ఫ్రాంక్‌ఫర్ట్ విద్యార్థిని కేసులో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం ఇదే దారి పట్టింది: బుర్కినీ వేసుకుని రా, క్లాసు మాత్రం మానొద్దు. బట్ట విషయంలో పట్టు సడలించి, ఈత విషయంలో పట్టు బిగించారు. మన దగ్గర దీనికి తలకిందులుగా జరుగుతోంది. కాస్ట్యూమ్ ఇలాగే ఉండాలని పట్టుబట్టి, పిల్ల ఈత మానేస్తే పట్టించుకోవడం లేదు.

కాటన్ బట్టలతో పూల్లోకి దిగొద్దంటే అర్థం ఉంది. నూలు పోగులు ఫిల్టర్లో చిక్కుకుంటాయి, చున్నీ మెడకు చుట్టుకోవచ్చు. కానీ లైక్రా, నైలాన్‌తో కుట్టిన ఫుల్ సూట్లు ఇప్పుడు బజార్లో దొరుకుతున్నాయి. వాటిని కాదనడానికి ఏ కారణమూ లేదు.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే నచ్చింది నెదర్లాండ్స్ పద్ధతి. ఎటు చూసినా కాలవలే ఉన్న దేశం అది. అక్కడ పిల్లలు తీసుకునే ఈత డిప్లొమాలు ఏ, బీ, సీ అని మూడు మెట్లు. మొదటి మెట్టు నుంచే బట్టలు, బూట్లు వేసుకుని ఈది చూపించాలి. మెట్టు పెరిగేకొద్దీ ఒంటి మీద బట్టలూ పెరుగుతాయి. కాలవలో పడే పిల్ల కాస్ట్యూమ్ వేసుకుని పడదు కదా! తడిసిన బట్ట బరువు నీళ్లలో ఉన్నంతసేపు పెద్దగా తెలియదు. అది కాళ్లకు చుట్టుకుని కదలనివ్వదు, ఒడ్డు ఎక్కబోతే వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు ఎలా ఉంటుందో ముందే తెలిసిన పిల్ల కంగారు పడదు.

మన గోదావరి, కృష్ణా డెల్టాల్లో కాలవలు, తెలంగాణలో చెరువులు, వ్యవసాయ బావులు ఎన్నో లెక్కలేదు. దేశంలో నీట మునిగి పోయేవాళ్లు ఏటా 30 వేలకు పైనే. మా చిన్నప్పుడు మగపిల్లలు నడుముకు సొరకాయ బుర్రలు కట్టుకుని బావిలో దూకేవాళ్లు, మేం మెట్ల మీద వాళ్ల చొక్కాలకు కాపలా ఉండేవాళ్లం. పరికిణీతో దిగితే ఇంట్లో తిట్లు. బట్టలు ఉతకడానికి రోజూ రేవుకు వెళ్లింది మాత్రం ఆడవాళ్లే. బిడ్డ జారితే పట్టుకోబోయి తల్లి కూడా మునిగిపోయిందన్న వార్త ప్రతి ఎండాకాలం పేపర్లో ఎక్కడో ఒకచోట చదువుతూనే ఉన్నాం.

వచ్చే నెల పేరెంట్స్ మీటింగ్‌లో మూడు అడగబోతున్నాను. పీఈటీ మేడమ్‌కు పూల్ డ్యూటీలో స్విమ్ సూటు. ఆడపిల్లలకు నచ్చినంత ఒళ్లు కప్పే సూటు, మార్చుకునే గదికి గట్టి గడియ. ఏడాదికి ఒక్కరోజు, శుభ్రంగా ఉతికిన యూనిఫామ్ చుడీదార్‌తోనే 25 మీటర్ల ఈత. ఆ రోజు ఫిల్టర్ శుభ్రం చేయించడానికి అయ్యే ఖర్చు నేనే పెట్టుకుంటానని మా పాపకు మాట కూడా ఇచ్చేశాను.