మాలేసుకోకుండా మానేశాడు

మా నలుగురిలో ఒకడు మందు మానేశాడు. విజయనగరంలో ఇంత ఘోరం జరిగితే పట్టించుకున్న నాథుడు లేడు కాబట్టి నేనే రాస్తున్నాను.

మాలేసుకుని మానితే మాకు అభ్యంతరం లేదు. నలభై ఒక్క రోజులే కదా, నలభై రెండో రోజు గ్లాసు ఎదురుచూస్తుంటుందన్న భరోసా ఉంటుంది. వీడు మామూలు చొక్కాలో, దేవుడికి మాటైనా ఇవ్వకుండా మానేశాడు. అక్కడే అనుమానం వచ్చింది.

ముగ్గురం పరామర్శకి వెళ్లాం. చావింటికి వెళ్లినట్టు కుర్చీల అంచున కూర్చున్నాం.

"ఏటైంది గురూ, లివరా?"

"ఏట్లేదురా, మానేసాను."

"మరి మాకు ఓ మాట సెప్పకుండా మానేస్తావేటి?"

జవాబు లేదు. ఏం చెప్తాడు? "రాష్ట్రమే 1995లో నిషేధం పెట్టి 1997లో ఎత్తేసింది, నువ్వెంతరా" అని మావాడొకడు ఓదార్చాడు కూడా.

తాగేవాడికి మా ఊళ్లో లోటేముంది? జేబు ఖాళీ అయితే సర్దేవాడొకడు. గంటస్తంభం దగ్గర బండి స్టార్ట్ చేయలేకపోతే ఇంటి దాకా దింపేవాడొకడు. గుమ్మంలో వదినకి చెప్పాల్సిన అబద్ధం దారిలోనే తయారుచేసిచ్చేవాణ్ని నేను. 2024 అక్టోబరులో ప్రభుత్వం కూడా తనవంతు సాయంగా 99 రూపాయల క్వార్టర్ తెచ్చింది. మానేవాడికి మాత్రం అందరం కలిసి ఇచ్చేది ఒకటే మాట: "విల్ పవర్ ఉండాలిరా." ఆ మాటన్న మాలో ఒక్కడూ ఏనాడూ ఒక్క నైంటీ ఒంటరిగా వేసినవాడు కాడు.

పాపం, వాడు మా మాటే నమ్మాడు. ఇరవై ఏళ్లుగా రోజూ తాగేవాడు ఉన్నపళంగా ఆపేశాడు. రెండోనాడు పొద్దున టీ గ్లాసు ఎత్తితే సగం టీ లుంగీ మీద పడింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని తాగబోతే మిగతా సగమూ పోయింది. మూడో రాత్రి లేని చీమల్ని గోడమీంచి దులపడం మొదలెట్టాడు. ఎదురింటి మామ్మ దిష్టి తీసి, పైడితల్లమ్మకి మొక్కుకోమంది. వాళ్లావిడ మొక్కుకుంది, మొక్కుకుంటూనే ఆటోని పిలిచింది.

ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మెల్లగా తగ్గించుకుంటూ పోయే మాత్రలు, బీ1 విటమిన్ ఇంజక్షన్లు ఇచ్చారు. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చట, ప్రాణం మీదకీ రావచ్చట, డాక్టర్ని అడిగే ఆపాలట. మొదటి పెగ్గుకి మమ్మల్ని ఏ చీటీ అడిగారండీ? ఆపడానికి మాత్రం చీటీ రాయించుకోవాలి!

అక్కడితో ఆగలేదు. తాగాలనిపిస్తే మాకు ఫోన్ చేయడం మానేసి 14416కి చేస్తున్నాడు. టెలీ మానస్ అంట, సర్కారువాళ్ల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, పైసా తీసుకోరు, రాత్రి రెండింటికైనా తెలుగులో మాట్లాడతారు. ఆదివారాలు రైలెక్కి విశాఖలో ఏదో ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే మీటింగుకి పోతున్నాడు. 1935లో అమెరికాలో ఒక షేర్ల బ్రోకరూ ఒక సర్జనూ, ఇద్దరూ మా బాపతే, ఒకరికొకరు కబుర్లు చెప్పుకుంటూ తాగకుండా ఉండిపోయారట, అలా మొదలైందట. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. కుర్చీలేసుకుని వంతులవారీగా బాధలు చెప్పుకుంటారట. మేం ఇన్నాళ్లూ చేసిందీ అదే కదా, ఆ గ్లాసొక్కటీ తప్ప?

పైడితల్లమ్మ జాతరలో ఆ పొడవాటి సిరిమాను ఊరేగే రోజున మూడు లాంతర్ల దగ్గర నిమ్మకాయ సోడా పట్టుకుని కనిపించాడు. ఈ ఏడాది సిరిమాను ఒకటే కనబడిందని చాలా ఆశ్చర్యంగా చెప్పాడు.

మా ఇబ్బంది ఎవరికి చెప్పుకోవాలి? ఫుల్ బాటిల్ నలుగురికి తలా ఓ క్వార్టర్‌గా సరిపోయేది. ఇప్పుడు ముగ్గురం, లెక్క తేలక రోజూ గొడవే. మొన్న రాత్రి ఆ గొడవ మధ్యలో మావాడొకడు నన్ను పక్కకి లాగి, "ఆ నంబరేటన్నాడు?" అని గుసగుసగా అడిగాడు. బామ్మర్ది కోసమట.

వాళ్లావిడ ఒక్కతే సంతానం. ఆ పెళ్లిలో వడ్డించింది మేమే.