బాబాయ్ పెట్టిన పోస్టు

మా బాబాయ్ ఇరిగేషన్ డిపార్ట్‌మెంటులో రిటైరై, ఒంగోలు నుంచి బెంగళూరు మారతహళ్ళిలో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చేశాడు. వచ్చిన వారానికే మా తమ్ముడు ఆయన్ని ఓ ఆన్‌లైన్ డేటా సైన్స్ కోర్సులో చేర్పించాడు. చదువు మీద మమకారంతో కాదు. పొద్దున్నే వాచ్‌మన్‌ని నిలబెట్టి సంపు లెవెల్ గురించి క్లాసు పీకడం మానేస్తాడని.

పాఠాలు బాబాయ్‌కి పెద్దగా ఎక్కలేదు. ఎక్కింది డిస్కషన్ ఫోరమ్. వారానికి ఒక సొంత పోస్టు, ఇతరుల పోస్టులకు రెండు రిప్లైలు రాస్తే ఐదు మార్కులు. ఇలాంటి రూలు పెట్టాక ఏం జరుగుతుందో తెలిసిందే. ఆదివారం రాత్రి పదకొండు దాటాక జనం మేలుకుని, "గ్రేట్ పోస్ట్, ఐ అగ్రీ" అని రెండుసార్లు కొట్టి పడుకుంటారు. దేనికి ఒప్పుకున్నారో వాళ్ళకే తెలీదు.

బాబాయ్ అలాంటి మనిషి కాదు. పరిచయాల థ్రెడ్‌లో ఒక్కొక్కరినీ వరసపెట్టి పలకరించాడు. తెలుగు ఇంటిపేరు కనబడితే చాలు, "ఏ ఊరు బాబూ? నాన్నగారేం చేస్తుంటారు?" కెన్యా ఆవిడ తనది నకూరు అంటే, "నెల్లూరు జిల్లాయేనా?" అని అడిగాడు. ఆవిడ పాపం మ్యాప్ పంపింది.

మూడో వారంలో చెన్నై కుర్రాడొకడు తగిలాడు. ఉద్యోగం సాఫ్ట్‌వేరు, ఉండేది వేళచ్చేరి, అమ్మానాన్నలది గూడూరు. చివర్లో "స్టిల్ సింగిల్" అని ఓ స్మైలీ. బాబాయ్ ఆ స్మైలీ దగ్గరే ఆగిపోయాడు. ఇంట్లో మా చెల్లెలు పెళ్ళికుంది మరి. రిప్లై నొక్కితే ఆ అబ్బాయికొక్కడికే వెళ్తుందనుకుని బయోడేటా మొత్తం దింపేశాడు. ఐదడుగుల నాలుగంగుళాలు, రోహిణి మూడో పాదం, భారద్వాజ గోత్రం, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, వంట వచ్చు. చివరిది పచ్చి అబద్ధం.

ఆ కోర్సు నడిచేది మూడిల్ మీద. ఆన్‌లైన్ కోర్సులు నడపడానికి మార్టిన్ డూగియామస్ అనే ఆస్ట్రేలియా ఆయన తయారుచేసి 2002లో బయటికి వదిలిన సాఫ్ట్‌వేర్ అది. ఆయన ఎవరో గానీ మనుషుల తొందరపాటు ఎరిగినవాడు. పోస్టు కొట్టాక దిద్దుకోవాలన్నా, తీసేయాలన్నా మామూలుగా 30 నిమిషాల గడువుంటుంది. అది దాటిందా, ఆ ఫోరమ్‌కి సబ్‌స్క్రైబ్ అయినవాళ్ళందరికీ మెయిల్ పోతుంది. ఇక స్టూడెంట్ చేతిలో ఏమీ ఉండదు.

నిజానికి బాబాయ్ ఐదు నిమిషాల్లోనే సంగతి కనిపెట్టాడు. తీసేద్దామని మౌస్ పట్టుకున్నాడు కూడా. సరిగ్గా అప్పుడే కింద వాటర్ ట్యాంకర్ హారన్ కొట్టింది. ట్యాంకర్ వచ్చిందంటే బాబాయ్ పైన ఆగడు. సంపు మూత తీయించి, కర్ర దింపి, తడి ఎంతవరకు అంటిందో జానలతో కొలిచి, నీళ్ళు తక్కువున్నాయని చెప్పడానికి "నీరు కమ్మి ఇదె" అంటూ డ్రైవర్‌తో తనకొచ్చిన కన్నడమంతా వాడి పైకొచ్చేసరికి గంట దాటింది.

అప్పటికే రిప్లైలు మొదలయ్యాయి. అసలే ఆదివారం, అందరికీ రెండేసి బాకీ ఉన్నాయి. "చక్కగా వివరించారు, ఏకీభవిస్తున్నాను" అని బ్రెజిల్. "మూడో పాదం అనే వేరియబుల్ గురించి ఇంకొంచెం చెప్పగలరా?" అని ఇంకెవరో. "శాంపిల్ సైజు ఒకటే ఉంది, నమ్మలేం" అని ఓ ఢిల్లీ మేధావి. నకూరు ఆవిడ మాత్రం అమ్మాయి బాగుండాలని దీవించింది. కోర్సు మొత్తంలో అంత చర్చ జరిగిన థ్రెడ్ అదొక్కటే. టాపిక్ మీదే ఉండండంటూ టీచింగ్ అసిస్టెంట్ ఓ నోట్ పెట్టి, మార్కులు మాత్రం ఐదుకు ఐదూ వేశాడు.

రాత్రికి చెల్లెలు ఫోను.

"నా హైటు బ్రెజిల్ దాకా తెలియాలా బాబాయ్?"

"అన్నీ మంచివే రాశానమ్మా."

"వంట వచ్చని రాశావటగా!"

పదకొండు దాటాక చెన్నై కుర్రాడు జవాబిచ్చాడు, అదీ అందరికీ కనిపించేలా. "మాదీ భారద్వాజ గోత్రమేనండీ. కాబట్టి మీరు నాకూ బాబాయ్ వరసే. ఇంతకీ బాబాయ్‌గారూ, ఈ వారం రిగ్రెషన్ పాఠం మీకేమైనా అర్థమైందా?"

ఆ పలకరింపుకి బాబాయ్ కరిగిపోయాడు. అది ఆ కుర్రాడి రెండో రిప్లై అని, ఆ వారం మార్కుల గడువు ఇంకో పది నిమిషాలే ఉందని మా తమ్ముడు ఆయనకి చెప్పలేదు.