గీతే కదా అని ఆ హెల్మెట్ వెనక సీటుకి ఇవ్వకండి

గంట క్రితం ఒక బైక్ గ్రూపులో ఫొటో చూశాను, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఎవరో తమ్ముడు, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద ముందు బ్రేక్ నొక్కి జారిపడ్డాడట. సీటు మీద హెల్మెట్ పెట్టి, దాని మీద ఎడమ చెయ్యి ఆనించి ఫొటో తీశాడు. "కుడి చెవి పైన గీతలు పడ్డాయి, లోపల బానే ఉంది, వాడొచ్చా అన్నా?" అని అడిగాడు. కింద వరసగా సలహాలు. ఏం కాదు బ్రో. పాలిష్ కొట్టించు. స్టిక్కర్ వేసెయ్, కనపడదు. ఒకాయనైతే "నువ్వు కొత్తది కొనుక్కో, దీన్ని వెనక కూర్చునేవాళ్ళకి ఉంచు" అన్నాడు. అన్నిటికంటే ఎక్కువ లైకులు ఆ మాటకే.

వెనక కూర్చునేది ఎవరండీ? భార్య, అమ్మ, చెల్లెలు, బడికెళ్ళే పిల్ల. నీ తలకి పనికిరాదని నువ్వే తేల్చుకున్న హెల్మెట్ వాళ్ళ తలకి ఎలా పనికొస్తుంది?

ముందు ఆ హెల్మెట్ లోపల ఏం జరిగిందో చెప్తాను. పైనున్న పెంకు దెబ్బని వెడల్పుగా పంచుతుంది, గుచ్చుకునేవాటిని ఆపుతుంది, అంతే. తలని కాపాడేది దాని కింద ఉన్న థర్మాకోల్, ఈపీఎస్ అంటారు. టీవీ పెట్టెలో వచ్చే థర్మాకోల్‌ని బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. గుంట పడుతుంది, మళ్ళీ పైకి రాదు. హెల్మెట్‌లోది కూడా ఆ జాతిదే, ఇంకా దట్టంగా ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, ఆ నలగడంలోనే దెబ్బ బలాన్ని మింగేస్తుంది. ఒక చోట ఒకసారి నలిగాక అక్కడ మళ్ళీ మింగే శక్తి ఉండదు. రెండోసారి అదే చోట తగిలితే ఆ బలం నేరుగా పుర్రెకి పోతుంది. పెంకు మాత్రం చాలావాటిలో ప్లాస్టిక్ కాబట్టి వంగి, తిరిగి తన ఆకారానికి వచ్చేసి, ఏమీ జరగనట్టు మెరుస్తుంటుంది. అందుకే బయట గీత ఎంత చిన్నదో చూసి లోపలి సంగతి తేల్చలేం.

"నెమ్మదిగానే వెళ్తున్నా, ముప్ఫై కూడా లేదు" అంటారు. బండి వేగం ఒక లెక్క, తల నేలకి పడే వేగం ఇంకో లెక్క. సీటు మీద కూర్చున్న మనిషి తల దాదాపు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు నుంచి ఏదైనా కింద పడితే నేలని తాకేటప్పటికి గంటకి దాదాపు 19 కిలోమీటర్ల వేగం ఉంటుంది. బండి నిలబడి ఉన్నా అంతే. దాని వెనక నాలుగైదు కిలోల తల బరువుంటుంది. సిగ్నల్ దగ్గర కాలు జారి పక్కకి పడి, తల డివైడర్ అంచుకి తగిలినా ఆ హెల్మెట్ పని అయిపోయినట్టే.

ఖాళీ హెల్మెట్ చేతిలోంచి జారి పడటం వేరు, దానికి భయపడక్కర్లేదు. లోపల తల లేకపోతే థర్మాకోల్‌ని లోపలి నుంచి నలిపే బరువు ఉండదు. చూసుకుని వాడుకోవచ్చు. తలకి పెట్టుకుని ఉండగా నేలకి తగిలిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఆ తమ్ముడికి తగిలింది. గీతలు చెవి పైన పడ్డాయంటే తల పక్కవాటుగా రోడ్డుకి కొట్టుకుందనే అర్థం.

తనిఖీ అంటే పైన గుడ్డ పెట్టి తుడిచి చూడటం కాదు. చెంపల ప్యాడ్లు, లోపలి గుడ్డ లైనింగ్ ఊడదీయండి. పగటి వెలుతురులో, గీత పడిన చోటికి సరిగ్గా లోపలివైపు వేలితో తడమండి, తర్వాత అవతలి పక్క అదే చోట తడిమి పోల్చండి. ఒకవైపు పలచగా, నున్నగా అనిపించినా, వెంట్రుకంత పగులు కనిపించినా, పెంకుకీ థర్మాకోల్‌కీ మధ్య సందు వచ్చినా అది పోయినట్టే. ఫైబర్‌గ్లాస్ పెంకైతే రంగు మీద సాలెగూడులా బీటలు వెతకండి, నాణెంతో చుట్టూ కొట్టి వినండి. అంతటా ఠంగుమని, ఒక్క చోట మాత్రం మొద్దుగా మోగితే అక్కడ లోపలి పొరలు విడిపోయాయి. తర్వాత గడ్డం పట్టీ. రెండు వైపులా రివెట్లు కదులుతున్నాయేమో, కుట్లు తెగాయేమో, బకిల్ పళ్ళు గట్టిగా లాగినా జారకుండా పట్టుకుంటున్నాయో లేదో చూడండి. కళ్ళ ముందుండే గ్లాసు గీరుకుపోతే అది విడిగా దొరుకుతుంది, మార్చేయండి. రాత్రి ఎదురు లైట్లు పడితే ఆ గీతల మీద వెలుగు చెదిరి రోడ్డే కనపడదు.

ఇన్ని చూసినా ఒక చిక్కు ఉంది. ఈ పరీక్షలన్నీ హెల్మెట్ పోయిందని చెప్పగలవు గానీ, బాగుందని హామీ ఇవ్వలేవు. చవక వాటిలో లైనింగ్ అంటించేసి ఉంటుంది, లోపల చూసే దారే లేదు. తలతో పాటు పడిందా, పారేయడమే. పాలిష్, స్టిక్కర్ సలహాలు ఇంకా ప్రమాదం. థిన్నర్, పెట్రోల్ పెట్టి తుడిస్తే పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ పెంకు పెళుసెక్కుతుంది. స్టిక్కరేమో రేపు చూసుకోవాల్సిన బీటనే కప్పేస్తుంది.

జాకెట్, గ్లవ్స్ విషయంలో ఇంత కఠినంగా ఉండక్కర్లేదు. జాకెట్ తిరగేసి, భుజం, మోచేయి దగ్గర కుట్టుకి రెండు పక్కలా పట్టుకుని లాగి, వెలుతురుకి ఎత్తి చూడండి. గుడ్డ కాస్త నూగు లేస్తే పరవాలేదు. కుట్టులోంచి వెలుగు కనపడితే కుట్టించాలి, అదీ మామూలు నూలుతో కాదు, గట్టి నైలాన్ దారంతో, రెండు వరసలు. గుడ్డే అరిగి చిల్లు పడితే ఆ చోటు రెండోసారి రోడ్డు మీద రాపిడికి ఆగదు. లోపలి ప్యాడ్లు బయటికి తీసి వంచండి. మెత్తటి రకం అయితే బీట లేకుండా తిరిగి ఆకారానికి రావాలి, గట్టి ప్లాస్టిక్ రకంలో పగులు ఉంటే మార్చాలి. గ్లవ్స్‌లో అరచేతి కింద, మణికట్టు వైపు ఉండే ముక్క, చిటికెన వేలి పక్క కుట్టు ముందు పోతాయి. మణికట్టు పట్టీ బిగించి లాగితే గ్లవ్ చేతిలోంచి ఊడి వస్తోందంటే అది పడినప్పుడు చేతి మీద ఉండదు.

ఇక ఒంటి సంగతి. అక్కడ నూట ఇరవై కామెంట్లలో ఒక్కరూ "నీకెలా ఉంది" అని సరిగ్గా అడగలేదు. పడిన గంటసేపు ఒంట్లో ఆ ఊపు నొప్పిని తెలియనివ్వదు, లేచి నిలబడి "ఏం కాలేదు" అంటాం. తలకి తగిలితే మొదటి ఇరవై నాలుగు గంటలైనా ఒంటరిగా ఉండకూడదు. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మాట తడబడుతున్నా, నిద్ర లేపినా లేవలేకపోతున్నా, ఒక చెయ్యో కాలో బలహీనపడినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళాలి, 108కి ఫోన్ చెయ్యాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళయితే ఇవేవీ లేకపోయినా చూపించుకోవాలి. హ్యాండిల్ కొస కడుపులో గుచ్చుకుని ఉంటే పైన చిన్న కమిలిన మచ్చే కనిపిస్తుంది, లోపల ప్లీహానికో పేగుకో తగిలి ఉండొచ్చు. కడుపునొప్పి పెరిగినా, మూత్రంలో రక్తం కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

దోక్కుపోయిన చోట పసుపు, కాఫీపొడి అద్దకండి. ధారగా పడే నీళ్ళ కింద కొన్ని నిమిషాలు కడిగి, తడి గాజ్ గుడ్డతో ఇసుక రేణువులు ఒక్కటి కూడా మిగలకుండా తీయాలి. మిగిలితే చీము పడుతుంది, మానినా తోలు కింద నల్ల మచ్చలు ఉండిపోతాయి. ఆరబెడితే తొందరగా మానుతుందన్నది తప్పు, తేమగా ఉంచితేనే కొత్త తోలు వస్తుంది. పారాఫిన్ పూసిన గాజ్ వేసి కట్టండి, దూది నేరుగా పెడితే పోగులు అంటుకుపోతాయి. టీటీ చేయించుకుని అయిదేళ్ళు దాటితే రోడ్డు మట్టి తగిలిన గాయానికి మళ్ళీ వేయించుకోవాలి.

ఇంకొకటి ఇక్కడే చెప్పాలి. పడి స్పృహలో లేనివాడి హెల్మెట్ పట్టుకుని లాగేసి, నోట్లో నీళ్ళు పోసే జనం ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. మెడ ఎముక విరిగి ఉంటే ఆ లాగడంతోనే కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు. పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరాడుతుంటే గ్లాసు మాత్రం ఎత్తి, తల కదలకుండా పట్టుకోండి. ఊపిరాడకపోతే ఒకరు కింద నుంచి మెడనీ దవడనీ పట్టుకుని, ఇంకొకరు హెల్మెట్ రెండు వైపులా వెడల్పు చేస్తూ మెల్లగా తీయాలి.

బండి సంగతి రెండు మాటల్లో అయిపోతుంది. లీవర్లు, గేర్ రాడ్, ఫుట్‌రెస్ట్ వంగాయేమో, ముందు చక్రం తిప్పితే డిస్క్ రాసుకుంటోందేమో, హ్యాండిల్ నేరుగా ఉంటే చక్రం కూడా నేరుగా ఉందో లేదో. దానికి మెకానిక్ ఉన్నాడు, మరుసటి రోజే తీసుకెళ్తాం. బంపర్ సొట్టకి ఉన్న తొందర తలకి లేదు.

మళ్ళీ ఆ వెనక సీటు మాట దగ్గరికే వస్తున్నాను, ఎందుకంటే ఇది ఒక్క ఫొటోతో వచ్చిన కోపం కాదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలంటుంది, ముందు కూర్చున్నా వెనక కూర్చున్నా. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళలోపు పిల్లలకి కూడా హెల్మెట్, నడిపేవాడికి కట్టే బెల్టు ఉండాలనీ, బండి 40 దాటకూడదనీ 2022లో నిబంధన తెచ్చారు, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది. మన ఊళ్ళలో ఎంతమంది పిల్లల తలల మీద చూశారు? అదే చట్టం 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్స్ పోతుందన్న భయంతో ముందువాడు పెట్టుకుంటాడు. వెనకామెకి మాత్రం అటక మీది పాతది, పట్టీ తెగినది, ఒకసారి పడినది. పెద్దవాళ్ళ హెల్మెట్ ఏడేళ్ళ పిల్ల తల మీద కళ్ళకి అడ్డం పడుతూ అటూ ఇటూ తిరుగుతుంటే చూడలేం. పట్టీ బిగించాక వెనక నుంచి పైకి, ముందుకి తోయండి, ఊడి వస్తే అది ఆ తలది కాదు. వెయ్యి, పదిహేను వందలకి ఐఎస్ఐ మార్కు ఉన్న ఫుల్‌ఫేస్ దొరుకుతోంది. ఫోన్ గ్లాసు పగిలితే ఆ సాయంత్రమే మార్పించుకుంటాం కదా!

పడిన హెల్మెట్ వాచ్‌మన్‌కి ఇచ్చాం, డెలివరీ కుర్రాడికి ఇచ్చాం, పుణ్యం అనేవాళ్ళకి కూడా ఇదే మాట. గడ్డం పట్టీ రెండు వైపులా కత్తెరతో కోసి, పెంకు మీద మార్కర్‌తో పెద్దగా "పడింది" అని రాసి చెత్తలో వెయ్యండి, ఇంకెవరూ ఏరుకుని పెట్టుకోకుండా.

ఆ ఫొటో పెట్టిన తమ్ముడూ, హెల్మెట్ సరే, దాని మీద ఆనించిన నీ ఎడమ మణికట్టు వాచి ఉంది. బొటనవేలు పైకి సాగదీస్తే దాని మొదట్లో తాళ్ళలా తేలే రెండు స్నాయువుల మధ్య చిన్న గుంట పడుతుంది, అక్కడ నొక్కి చూసుకో. కలుక్కుమంటే అది బెణుకు అనుకోకు. స్కాఫాయిడ్ అనే జీడిగింజంత ఎముక అక్కడే ఉంటుంది, అరచెయ్యి ఆనించి పడితే ముందు విరిగేవాటిలో అదొకటి. మొదటి ఎక్స్‌రేలో కొన్నిసార్లు కనపడదు. కనపడలేదని నూనె రాసి మర్దన చేయించకు, ఎక్స్‌రే లేకుండా ఏ నాటు కట్టూ కట్టించుకోకు. చెయ్యి కదలకుండా పట్టీ వేయించుకుని, పది పద్నాలుగు రోజులకి మళ్ళీ ఎక్స్‌రే తీయించు. దానికి రక్తం వేళ్ళ వైపు నుంచే ఎక్కువగా అందుతుంది, విరిగి వదిలేస్తే మణికట్టు వైపు ముక్క చచ్చిపోవచ్చు, తర్వాత క్లచ్ లాగడానికి కూడా ఆ చెయ్యి రాకపోవచ్చు. రేపు పొద్దున్నే ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళు, బండి మీద మాత్రం కాదు, ఆటోలో వెళ్ళు.