క్రెడిట్ స్కోరు దొరవారికి విన్నపం

మహారాజశ్రీ అమెరికా క్రెడిట్ స్కోరు గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. అప్పు లేనివాడే అధిక సంపన్నుడని నమ్మి పెరిగిన జాతి మాది. తమరి కొలువులో అప్పు లేనివాడు అసలు లెక్కలోకే రాడు. హైదరాబాద్‌లో సిబిల్ 820 ఉన్న ఆసామి కూడా డల్లాస్‌లో దిగితే తమరికి పురిటికందే. బ్యాంకులో రెండు మూడొందల డాలర్లు డిపాజిట్ కట్టి, అంతే లిమిట్‌తో సెక్యూర్డ్ కార్డు పుచ్చుకుని, ఆర్నెల్లు గీకితే గానీ తమరు కన్ను తెరవరు. తన డబ్బు తనే అప్పు తెచ్చుకుని తనే తీర్చుకుంటే శభాష్ అనే ప్రభువులు ఇంకెక్కడున్నారు?

తమరి తూకం 300 నుంచి 850. నూటికి 35 పాళ్లు టైముకి కట్టామా లేదా అన్నదానికి, 30 బాకీలకి, 15 ఖాతాల వయసుకి, తక్కిన 20 కొత్త అప్పులకీ అప్పుల రకాలకీ చెరిసగం. జీతమెంత, బ్యాంకులో నిల్వెంత అని మాత్రం అడగరు. మర్యాదస్తులు!

ఆ 30 పాళ్ల దగ్గరే అమాయకులు బోల్తా పడేది. వెయ్యి డాలర్ల లిమిట్‌లో 900 గీకి, డ్యూ డేట్‌కి సెంటుతో సహా కట్టేస్తారు. వడ్డీ పడదు, నిజమే. కానీ అందరి అప్పుల చిట్టా రాసే క్రెడిట్ బ్యూరోలకి బ్యాంకు పంపేది మామూలుగా స్టేట్‌మెంట్ పడిన నాటి అంకె. డ్యూ డేట్ దానికి మూడు వారాల తర్వాత. ఈలోగా తమరి కంటికి వాడు 90 శాతం మునిగినవాడు. స్టేట్‌మెంట్‌కి మూడు నాలుగు రోజుల ముందే 850 కట్టేస్తే ఐదు శాతమే కనబడుతుంది. పోనీ, అన్ని కార్డులూ సున్నా చేస్తే? అప్పుడూ తమరి మొహం కాస్త చిన్నబోతుంది. కారు లోను తీర్చేసినా నాలుగు పాయింట్లు కోసేస్తారు, శుభాకాంక్షలు చెప్పే పద్ధతి కాబోలు.

పాత కార్డు మూసేస్తే వయసు పోతుందని జనం హడలిపోతారు. మచ్చలేని ఖాతా మూసినా పదేళ్ల దాకా రిపోర్టులో ఉంటుంది. వెంటనే పోయేది లిమిట్. అది తగ్గగానే ఉన్న బాకీయే పెద్దదై కూర్చుంటుంది. ఇక షర్టు మీద తగ్గింపు ఇస్తామంటే కౌంటర్ దగ్గరే స్టోర్ కార్డు తీసుకున్నవాడికి, ఆ ఎంక్వైరీ, అంటే అప్పు అడిగాడన్న గుర్తు, రెండేళ్లు రిపోర్టులో కనబడుతుంది. షర్టు అన్నాళ్లు మన్నదు. కిస్తీ గడువు మీద 30 రోజులు దాటిందా, ఆ మచ్చ ఏడేళ్లు.

ఇన్ని తెలిసీ పాట్‌లక్‌లో బిర్యానీ ప్లేట్లు పట్టుకుని "నాది 812", "మా ఆవిడది 831" అని పందెం కోళ్లలా ఎగురుతున్నారు. బ్యాంకుల నుంచి ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే సంస్థ ఫీజుల పట్టికలో 780 నుంచి పైకి అందరిదీ ఒకటే వరస. 850 తెచ్చుకున్నవాడికి అదనంగా దక్కేది రెండో ప్లేటు బిర్యానీయే, అదీ మిగిలి ఉంటే.

ఇట్లు,
తమరి మొహం చిన్నబోకుండా ప్రతి స్టేట్‌మెంట్‌లో 50 డాలర్లు బాకీ ఉంచే
విధేయుడు